సాదా కాగితం

టాటానగర్ బర్మామైన్స్ బజారులో లామినేషన్ మెషీను పెట్టుకున్నవాడికి పైడమ్మలాంటి బేరం ఇంకొకటి లేదు. ఆధార్ కార్డు, రేషన్ కార్డు అంటే సరే, ఎవరైనా చేయించుకుంటారు. పైడమ్మ మొగుడి డెత్ సర్టిఫికెట్టు చేయించింది, గ్యాసు పుస్తకంలో మొదటి పేజీ చింపి చేయించింది, ఆఖరికి సింహాచలం నుంచి ఎవరో తెచ్చిన అప్పన్న పటానికి కూడా ప్లాస్టిక్కు వేయించింది. దేవుడికి చెమట పోయదేటే అని పక్కింటి జోగమ్మ వేళాకోళమాడితే, “సెమట పోస్తే తుడుత్తాను గానీ, సెద పడితే ఏటి సెయ్యమంతావు?” అంది.

నవ్వేవాళ్లకేం, నవ్వుతారు. పైడమ్మ మొగుడు గోవిందరావు టాటానగర్‌లో ట్రాక్‌మ్యాన్‌గా చేస్తూ, పట్టాల మీదే గుండె ఆగి పోయాడు. అతని సర్వీసు కాగితాలన్నీ రేకుల ఇంట్లో ఇనప్పెట్టెలో ఉండేవి. ఆ ఏటి వానల్లో కప్పు కారి పెట్టెలోకి నీళ్లు దిగాయి. తీసి చూస్తే నీలం మరకలు తప్ప అక్షరం లేదు. ముప్పై ఏళ్లు అతనికి క్యారేజీ కట్టిన మనిషి, తాను గోవిందరావు పెళ్లాన్నేనని రుజువు చేసుకోవడానికి ఆరేళ్లు కాళ్లరిగేలా తిరిగింది. అప్పటినుంచి ఇంట్లోకి ఏ కాగితం వచ్చినా ముందు దాన్ని మెషీను దగ్గరికి పట్టుకుపోతుంది.

కాబట్టి ఉజ్వల కాగితం ఆమె చేతికొచ్చినప్పుడు కూడా అదే జరిగింది.

ఉజ్వల పైడమ్మ తమ్ముడి కూతురు. తల్లి చిన్నప్పుడే పోతే మేనత్తే పెంచింది. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల, సాక్చీలో రక్తపరీక్షల ల్యాబులో పని. చదువులో చురుకు. ఆ చురుకు మీదికే జబ్బు వచ్చిపడింది. జబ్బు తిరగబెట్టిందంటే నాలుగైదు రోజులు నిద్ర ఉండదు, నోరు మూతపడదు. స్టేషను మైకులో వచ్చే బండ్ల నంబర్లన్నీ వరసపెట్టి వల్లిస్తుంది. రైల్వే కాలనీలో పుట్టి ఆ నంబర్లు వింటూ అన్నం తిన్న పిల్ల కదా, మనసు చెదిరినప్పుడు నోట్లోంచి అవే వస్తాయి. మిగతా పదకొండు నెలలూ మాత్ర వేసుకుని ఆటో ఎక్కి డ్యూటీకి పోయే మామూలు మనిషి. ఆ పదకొండు నెలలు ఎవరికి గుర్తుంటాయి? కాస్త గొంతు పెంచితే చాలు, దీన్ని రాంచీ పిచ్చాసుపత్రికి పంపించెయ్యాలి అంటారు.

ఆరేళ్ల కిందట మొదటిసారి ముదిరినప్పుడు అన్న అశోక్ ఒక నర్సింగ్ హోములో చేర్పించాడు. అక్కడ చేతులు మంచానికి కట్టారు, తలకు కరెంటు పెట్టారు. మత్తు ఇచ్చారో లేదో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ నెలలోనే తండ్రి ఆదిబాబు పోయాడు. ఉజ్వలను ఒక పూట తీసుకొచ్చి శవం దగ్గర కూర్చోబెట్టి మళ్లీ పట్టుకుపోయారు. ఆ పూట ఆమెకు బొత్తిగా గుర్తు లేదు. కరెంటు దాన్ని తుడిచేసింది. ఇప్పటికీ ఉండుండి అడుగుతుంది, “నాన్న పోయినప్పుడు నేను ఏడ్చినానా అత్తా?” అని. ఏడ్చినావమ్మా అని పైడమ్మ అబద్ధం చెబుతుంది. నిజానికి ఆ పిల్ల ఏడవలేదు, శవం కాళ్ల దగ్గర కూర్చుని గోడకేసి చూసింది.

హోళీకి ముందు ఒక ఆదివారం, మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఉజ్వల రెండు పేజీల కాగితం తెచ్చి అత్త ముందు పెట్టింది. అడుగున రెండు సాక్షి సంతకాలు. ఒకటి రిటైరైన గార్డు సీతారామరావుది, రెండోది ల్యాబులో ఉజ్వలతో పనిచేసే సోనీది.

“ఏటే ఇది?”

“మళ్లీ నాకు బాగోకపోతే ఏటి చెయ్యాలో, ఏటి చెయ్యకూడదో నేనే రాసుకున్నాను. చేతులు కట్టొద్దు. కరెంటు వద్దు. నేను చెప్పుకోలేనప్పుడు నా తరఫున నువ్వు మాట్లాడాలి. అన్నయ్య కాదు.”

“నువ్వు రాసుకుంతే డాక్టర్లు ఇంతారేటి?”

“వినాలి అత్తా. కానూన్ ఉంది.”

ఆ కానూను సంగతి ఉజ్వల చాలాసేపు చెప్పింది. పైడమ్మకు అర్థమైనంతవరకు అది ఇది. ప్రపంచంలో ఉన్న గుడ్డివాళ్లు, చెవిటివాళ్లు, కాళ్లు లేనివాళ్లు, మనసు బాగోనివాళ్లు అందరూ ఏకమై పోట్లాడి దేశాలచేత ఒక ఒప్పందం రాయించారట. మమ్మల్ని అడక్కుండా మా గురించి ఏదీ తేల్చవద్దు అన్నారట. మన దేశం కూడా దాని మీద సంతకం పెట్టిందట. పెట్టాక పాత పిచ్చాసుపత్రుల చట్టం పనికిరాదని కొత్తది రాయక తప్పలేదట. జబ్బు ఉన్నంతమాత్రాన మనిషికి తెలివి లేదనుకోకూడదని ఆ కొత్తదాంట్లో రాసి ఉందట.

“ముందు నన్ను అడగాలి. నావల్ల కాకపోతే నిన్ను అడగాలి,” అంది ఉజ్వల.

“నన్నెందుకే? నాకు సదువా సంధ్యా? ఆ సీతారామరావు గారి పేరు రాసుకోపోనావా, ఇంగిలీసు మాటాడతాడు.”

“నువ్వు నా మాట వింతావు కాబట్టి.”

పెంచిన పిల్ల నోటివెంట అంత మాట విని పైడమ్మ కాగితాన్ని రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుంది. దీనికి మానసిక ఆరోగ్య బోర్డువాళ్ల దగ్గర ముద్ర వేయించాలనీ, రేపు కాక వచ్చే సోమవారం సెలవు పెట్టి తనే తీసుకెళతాననీ, అందాకా జాగ్రత్తగా ఉంచమనీ చెప్పింది ఉజ్వల.

మర్నాడు పొద్దున్నే పైడమ్మ బజారుకెళ్లి, మందపాటి ప్లాస్టిక్కు వెయ్యమని దగ్గరుండి రెండు పేజీలూ లామినేషన్ చేయించింది. ఇంటికొచ్చి ఇనప్పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టి తాళం వేసింది. ఉజ్వలకు చెప్పలేదు. సోమవారం తీసి ఇచ్చినప్పుడు చూసి సంతోషిస్తుందిలే అనుకుంది.

సోమవారం దాకా రానివ్వలేదు జబ్బు. గురువారం నుంచి నిద్ర కరువైంది, శుక్రవారం నంబర్లు మొదలయ్యాయి. శనివారం పొద్దున యార్డు దగ్గర పట్టాల మధ్య నడుస్తూ ఉంటే పాయింట్స్‌మ్యాన్ ఒకతను చెయ్యి పట్టి ఇవతలికి లాగాడు. అశోక్‌కు కబురెళ్లింది.

అశోక్ చెడ్డవాడని చెప్పను. గోవింద్‌పూర్‌లో ట్రక్కుల ఫ్యాక్టరీకి సామాను చేసే చిన్న కంపెనీలో నిలబడి చేసే పని, ఇంట్లో ఇద్దరు పిల్లలు. చెల్లెలు పట్టాల మీద తేలిందంటే వాడికి కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎవరితోనూ అనకుండా ఆటోలో కూర్చోబెట్టి, ఊరి చివర ఉన్న ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆటోలో ఉజ్వలను చూసిన సోనీ ఫోను చేసి చెబితే గానీ పైడమ్మకు తెలియలేదు. పెట్టె తాళం తీసి, కాగితం కొంగులో చుట్టుకుని, కనపడిన ఆటో ఎక్కింది.

ఆమె వెళ్లేసరికి ఉజ్వల వరండాలో బల్ల మీద ఉంది. జుట్టు రేగిపోయి ఉంది, ఒక కాలికి చెప్పు లేదు. నంబర్లు చదువుతూనే ఉంది. అత్తను చూసి ఒక్క క్షణం ఆగింది, మళ్లీ మొదలుపెట్టింది. పక్కన అశోక్ తల పట్టుకుని కూర్చున్నాడు.

“అన్నీ ఇందులో రాసినాది బాబూ. నన్నడిగే సెయ్యాల,” అని పైడమ్మ కౌంటరులో ఉన్న హెడ్డు గుమాస్తా బడాబాబు ముందు కాగితం పెట్టింది. తెలుగుకు సగం హిందీ కలిపి చెప్పింది.

బడాబాబు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. వెలుగు పడి మెరుస్తుంటే కళ్లు చికిలించుకుని చదివాడు. “బోర్డు ముద్ర ఏదీ మాతాజీ?” అని హిందీలో అడిగాడు.

“ముద్ర సోమారం ఏయించాల. ఎల్లుండే.”

“దీని మీద ముద్ర ఎలా వేస్తారు?” ఎగతాళికి కాదు, నిజంగా చూపించాలనే, తన దగ్గరున్న రబ్బరు స్టాంపు సిరాలో అద్ది ప్లాస్టిక్కు మీద నొక్కాడు. ఊదారంగు ముద్ర పడింది. బొటనవేలితో ఒక్కసారి రుద్దితే మొత్తం చెరిగి వేలికి అంటుకుంది. “చూశారా? ఎవరు చెప్పారు మీకు ప్లాస్టిక్కు వేయించమని?”

పైడమ్మ ఆ వేలికేసి చూసింది. ఎవరూ చెప్పలేదు, తన చేతులారా తనే చేసుకుంది.

డాక్టరు బయటికి వచ్చాడు. చేతిలో ఇంకో ఇద్దరి కేసు కాగితాలు ఉన్నాయి. ఉజ్వల కాగితం నిలబడే చదివాడు. రిజిస్టరు కాని ఆదేశం మీద నడుచుకోలేను, దగ్గరి బంధువు అన్నగారు ఉన్నారు కదా, ఆయన సంతకం పెడితే సరిపోతుంది అన్నాడు. కసురుకోలేదు, మర్యాదగానే చెప్పాడు.

అప్పుడే బల్ల మీద నుంచి ఉజ్వల గట్టిగా అంది, “అత్తా, పద్నాలుగు. పద్నాలుగు చూడమను. సాదా కాగితం. పద్నాలుగు.” మళ్లీ ఏవో బండ్ల నంబర్లు. మళ్లీ పద్నాలుగు. లేచి వచ్చి పైడమ్మ చెయ్యి పట్టుకుని ఊపింది. “ముద్ర లేదు అత్తా, పద్నాలుగు, సాదా కాగితం, చెప్పు, నువ్వు చెప్పు.”

డాక్టరు చూస్తున్నాడు. బడాబాబు చూస్తున్నాడు. పిల్ల ఇలా అరిస్తే కాగితంలో రాసిన తెలివైన మాటలు ఎవరు నమ్ముతారని పైడమ్మకు సిగ్గూ భయమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఉజ్వల నోటి మీద అరచెయ్యి పెట్టింది. “ఊరుకో తల్లీ. బండ్లు ఎల్లిపోనాయి. పెద్దోలు మాటాడతన్నారు, నువ్వు ఊరుకో.”

ఉజ్వల ఊరుకుంది. అత్త మొహంలోకి చూసి, చెయ్యి వదిలేసి, వెళ్లి బల్ల మీద కూర్చుంది. ఆ తర్వాత నంబర్లు కూడా చదవలేదు. అశోక్ సంతకం పెట్టాడు.

మొదటి వారం ఎవరినీ రావద్దన్నారు. ఆ వారంలో పైడమ్మ ఒక వెర్రి పని చేసింది. గుమ్మంలో ఎండకు కూర్చుని, బ్లేడు పట్టుకుని, కాగితం మీది ప్లాస్టిక్కు ఊడదీయబోయింది. ముందు అంచులు కోసింది. తర్వాత గోళ్లతో లాగింది. ప్లాస్టిక్కు వచ్చింది, దానితోపాటు అక్షరాలూ వచ్చాయి. ‘కరెంటు వద్దు’ అన్న వరుస మొత్తం ప్లాస్టిక్కుకు అంటుకుని పైకి లేచిపోయింది. కింద తెల్లటి నూగు మిగిలింది. జోగమ్మ వచ్చి చూసి బ్లేడు చేతిలోంచి తీసేసుకుంది.

రెండో వారంలో అశోక్ ఫోను చేశాడు. “కరెంట్ షురూ చేశారు అత్తా. ఈసారి మత్తు ఇచ్చే పెడుతున్నారు. కానూన్ ప్రకారమే. నేనే సంతకం పెట్టాను. నిద్రపోతోంది, అన్నం తింటోంది, ఇంకేం కావాలి?”

“దానికి వద్దని తెల్దేట్రా నీకు?” అంది పైడమ్మ.

“పట్టాల మీద తేలితే నువ్వు తెస్తావా శవాన్ని?” అన్నాడు అశోక్. ఫోను పెట్టేశాడు.

కోర్టు ఆవరణలో లాయరును పెట్టుకోలేనివాళ్లకు సలహా చెప్పే గది ఉందని సీతారామరావు చెబితే, చిరిగిన కాగితం సంచిలో వేసుకుని పైడమ్మ అక్కడికి వెళ్లింది. శ్వేత అనే అమ్మాయి కూర్చుని ఉంది, కొత్త వకీలు. తాతది పలాస అట, తెలుగు అర్థమవుతుంది గానీ మాట హిందీలోనే వస్తుంది. ఓపిగ్గా అంతా వింది. కాగితం ముక్కలు బల్ల మీద పేర్చి చూసింది.

“ఆ రోజు ఉజ్వల గారు ఏమైనా చెప్పారా ఆంటీ? ఆమెను ఎవరైనా అడిగారా?”

“దానికి తెలివెక్కడిదమ్మా ఆ యేల. బండ్ల నంబర్లు సదవతంది. పద్నాలుగు, పద్నాలుగు అంతది. సాదా కాగితం అంతది.”

శ్వేత రాస్తున్న చెయ్యి ఆగింది. పైడమ్మ మొహంలోకి ఒకసారి చూసి, అలమారలోంచి పల్చటి పుస్తకం ఒకటి తీసింది. పేజీలు తిప్పి ఒకచోట వేలు పెట్టింది. కరెంటు వద్దన్న ఆదేశానికి రిజిస్ట్రేషన్ అడగవచ్చునట. కానీ తన తరఫున ఎవరు మాట్లాడాలో రాసుకోవడానికి ఏ బోర్డూ, ఏ ముద్రా అక్కర్లేదట. సాదా కాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే చాలునట. అలా రాసి ఉంటే అన్న సంతకం చెల్లదట. అది పద్నాలుగో సెక్షను.

“ఆమె ఆసుపత్రివాళ్లకు చట్టం చెబుతున్నారు ఆంటీ,” అంది శ్వేత నెమ్మదిగా.

పైడమ్మ ఆ పుస్తకం కేసి చూస్తూ ఉండిపోయింది. చదవడం రాదు, అంకె మాత్రం తెలుసు. ఒకటి, నాలుగు. ఆ పిల్ల మూడు రోజులు నిద్ర లేకుండా, ఒంటి చెప్పుతో, వంద నంబర్ల మధ్య నుంచి కావలసిన ఒక్క నంబరు వెతికి పట్టుకుని తన చేతిలో పెట్టింది. తను నోరు నొక్కేసింది. డాక్టరు వినలేదు, సరే. బడాబాబు వినలేదు, సరే. వాళ్లను వినమని ఉజ్వల రాయలేదు. రాసింది ఈ మేనత్త పేరు. తన మీద తనకే అసహ్యం పుట్టింది.

“ఇప్పుడేటి సెయ్యాల?”

“అయిపోయిన కరెంట్లను వెనక్కి తేలేం. బోర్డుకు అర్జీ నేను రాస్తాను. ఉజ్వల గారికి ఇప్పుడు నెమ్మదిగా ఉంటే, ఇవాళే మళ్లీ రాయించవచ్చు. ఆమెకు ఇష్టమైన పేరు. అది ఇస్తే ఇకనుంచి ఆ మనిషిని అడగాల్సిందే,” అని శ్వేత ప్రింటరులోంచి ఒక తెల్ల కాగితం తీసి ఇచ్చింది.

ఆసుపత్రిలో కలుసుకునే గదిలో ఉజ్వలను తెచ్చి కూర్చోబెట్టారు. జుట్టు నున్నగా దువ్వి జడ వేశారు. మొహం ఉబ్బింది. చూపు తేటగానే ఉంది గానీ మాటకు ముందు వెతుక్కుంటోంది. అత్తను చూసి నవ్వింది.

“ఏ నెల అత్తా ఇది?”

“సైత్రం వచ్చినాదమ్మా.”

“హోళీ అయిపోయిందా?” అంది ఉజ్వల. కాసేపు ఆలోచించింది. “నేనేదో కాగితం రాసినాను కదా. రాసినానా? సోనీ సంతకం పెట్టినట్టు గుర్తు. తర్వాత ఏమైందో తెలీదు. ఇక్కడికి ఎలా వచ్చినానో కూడా తెలీదు.”

ఏమీ గుర్తు లేదు. బల్లా, డాక్టరూ, పద్నాలుగూ, నోటి మీద పెట్టిన అరచెయ్యీ ఏవీ లేవు. తండ్రి శవం దగ్గర కూర్చున్న పూట ఎటు పోయిందో ఇవీ అటే పోయాయి. పైడమ్మ చెప్పకపోతే ఈ లోకంలో ఎవరూ చెప్పరు. నీ కాగితం వాళ్లు వినలేదమ్మా, నాను ఎంత మొత్తుకున్నా వినలేదు అంటే సరిపోతుంది. ఏడ్చినావమ్మా అన్నంత సులువు.

పైడమ్మ చేతిలో ఉన్న తెల్ల కాగితం అంచులు సరిచేసింది.

“నీ కాగితాన్ని నాను ప్లాస్టిక్కు ఏయించేసినాను,” అంది చివరికి. “ముద్ర పడలేదు. అయినా నువ్వు సెప్పినావు, ముద్ర అక్కర్లేదు, పద్నాలుగు సూడమని. నా సెయ్యి పట్టుకుని సెప్పినావు. పిచ్చి అనుకున్నాను. నీ నోరు మూసేసినాను. డాక్టరు కాదు, అన్నయ్య కాదు. నానే.”

ఉజ్వల వింటోంది. గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించింది. నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది. రాలేదు.

“కరెంట్లు ఎన్ని పెట్టారు?”

“ఆరు అంతన్నారు.”

“నాన్న పోయినప్పుడు,” అంది ఉజ్వల, “నేను ఏడ్చినానా?”

“లేదమ్మా. గోడకేసి సూసినావు.”

ఉజ్వల తలూపింది. ఏడవలేదు, కోప్పడలేదు. అత్త చేతిలోంచి తెల్ల కాగితం తీసుకుని, పెన్ను అడిగింది. ఒక్కో అక్షరం ఆలోచిస్తూ, వంకరటింకరగా నాలుగు వరసలు హిందీలో రాసింది. కింద సంతకం పెట్టింది. పెట్టాక ఆ సంతకం తనదేనా అన్నట్టు ఒకసారి చూసుకుంది.

“సోనీ పేరు రాసినాను అత్తా.”

“మంచిదమ్మా.”

“నీ మీద కోపం కాదు.”

“తెలుసు,” అంది పైడమ్మ. పాతికేళ్లు అన్నం కలిపి పెట్టిన చేతిని చీరకు తుడుచుకుని, ఆ చేత్తోనే కాగితం అందుకుంది.

కౌంటరులో బడాబాబు ఆమెను గుర్తుపట్టాడు. కాగితాన్ని వేళ్లతో తడిమి చూశాడు. ప్లాస్టిక్కు లేదు. చదివాడు.

“సోనీ ఎవరు మాతాజీ? ఆ రోజు మీరే కదా, నన్నే అడగాలి అన్నారు?”

“నాను కాదు బాబూ,” అంది పైడమ్మ. “దాన్ని అడగండి. అది సెప్పలేకపోతే ఆ సోనీని అడగండి. నన్ను అడక్కండి.”

బడాబాబు కాగితం మీద తేదీ వేసి స్టాంపు కొట్టాడు. సిరా ఇంకేదాకా పైడమ్మ అక్కడే నిలబడింది.